మచ్చు జత

చిరంజీవి, సౌభాగ్యవతి, మా ఇంటి పెద్దదిక్కు అయిన నీకు మీ ఆయన దీవించి రాసేది ఏమంటే:

ఇక్కడ ఇల్లు క్షేమం. వంటగది కుళాయి క్షేమం. నువ్వు కిటికీలో పెట్టి వెళ్లిన మూడు కుండీల్లో రెండు క్షేమం. అక్కడ మీ పుట్టింట్లో నువ్వూ, అత్తయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. నాలుగు పేజీల్లో పదకొండు ప్రశ్నలున్నాయి, కూర్చుని లెక్కపెట్టాను. ఇది ఉత్తరమా, పరీక్ష పేపరా అని నవ్వుకున్నాను. ఇవన్నీ ఫోనులోనే చెప్పొచ్చు కదా అంటావేమో. నువ్వేమో ఫోను స్పీకరులో పెడతావు, పక్కన అత్తయ్య చెవి రిక్కించి వింటూ ఉంటుంది. నువ్వు "ఎలా ఉన్నారు?" అనగానే నా నోరు దానంతటదే "బ్రహ్మాండంగా ఉన్నాను" అనేస్తుంది. కాగితం మీదైతే కాస్త ఆగి, ఆలోచించి రాయొచ్చు. అందుకే ఇవాళ పొద్దున్నే టీ తాగి (చక్కెర వెయ్యలేదు, ఒట్టు) వంటగది బల్ల ముందు కూర్చున్నాను.

వరసగా చెప్తాను. కుళాయికి కొత్త రబ్బరు వేయించాను, కారడం ఆగింది. చచ్చిపోయిన మొక్క మధ్యలోది. ఎండిపోయి కాదు, నేను నీళ్లు ఎక్కువ పోసి చంపాను. మీ అమ్మాయి పోయిన నెల ఒక పూట వచ్చి వెళ్లింది. పిల్లాడికి నాలుగు పళ్లు వచ్చాయి, నా చేతి బొటనవేలు కొరికి చూపించాడు. దాని ఒంటి సంగతి అడిగావు. కడుపుతో ఉన్నప్పుడు దానికి షుగర్ వచ్చి, కాన్పు కాగానే పోయింది కదా. ఏటేటా పరీక్ష చేయించుకోమని అప్పుడు డాక్టరు చెప్పిన మాట నేను గుర్తు చేశాను. "నాకేం లేదు నాన్నా, నేను బాగానే ఉన్నాను" అని నవ్వేసింది. ఏమోయ్, ఆ మాట అనేటప్పుడు దాని గొంతు అచ్చం నా గొంతులా ఉంది. నువ్వు గట్టిగా చెప్పు. నేను చెప్తే వినదు, నేను చెప్పే అర్హత కూడా పోగొట్టుకున్నాను.

అత్తయ్య ఆపరేషను గాయం రెండు వారాల్లో మానిపోయిందనీ, కుట్లు విప్పిన డాక్టరు ఆశ్చర్యపోయాడనీ నువ్వు వెళ్లిన కొత్తలో రాశావు. నేను ఆశ్చర్యపోలేదు. ఎనభై ఒకటో ఏట తుంటి ఎముక విరిగింది, ఇరవై ఆరేళ్లుగా షుగర్ ఉంది. అయినా ఆవిడ గాయం మానుతుంది. ఎందుకు మానదు? నేను ఆవిడకి గడియారం అత్తయ్య అని పేరు పెట్టింది ఊరికే కాదు. ఆవిడ తినేది టైముకి, మాత్ర వేసుకునేది టైముకి. కంచంలో సగం కూరలే. తిన్నాక అరగంట వరండాలో అటూ ఇటూ నడక, వాన పడినా ఆగదు. సాయంత్రం కాళ్లు కడుక్కుని, వేళ్ల సందులు తుడుచుకుని, పిడి ఉన్న చిన్న అద్దం పెట్టి అరికాళ్లు చూసుకునేది. "పాదాలకి పెళ్లిచూపులా అత్తయ్యా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ని. "ఇవి నన్ను మొయ్యాలి బాబూ. నేను చూడకపోతే వీటిని ఇంకెవరు చూస్తారు?" అనేది ఆవిడ, ఏమాత్రం కోపం లేకుండా. నాకు షుగర్ బయటపడినప్పుడు అలాంటిదే ఒక అద్దం కొని నా చేతిలో పెట్టింది కూడా.

"రోజూ అద్దం చూసుకుంటున్నారా?" అన్నది నీ ఆరో ప్రశ్న. రోజూ చూస్తున్నానని ఇన్నాళ్లూ నీకు చెప్తూ వచ్చాను. అది అబద్ధం కాదు. దాంట్లో చూసుకుని మీసం కత్తిరించుకుంటాను.

నవ్వకు. అసలు నవ్వు రాదేమో కూడా. ఏడో ప్రశ్న నుంచి పదకొండో ప్రశ్న దాకా అన్నీ ఒకటే ప్రశ్న: నడుస్తున్నారా, షుగర్ అంకె ఎంత వచ్చింది, రాత్రి మాత్ర మానలేదు కదా, కాళ్లకి గాయాలేమైనా ఉన్నాయా, నా దగ్గర ఏమైనా దాస్తున్నారా. దాస్తున్నాను. ఎడమ కాలి సంగతి దాస్తున్నాను. అది మా బూట్ల కార్ఖానాలో మొదలైంది కాబట్టి అక్కడి నుంచే చెప్తాను, మధ్యలో లేచి ఫోను చెయ్యకు, చివరిదాకా చదువు.

నా పని నీకు కొత్తగా చెప్పేదేముంది, ముప్పై ఏళ్లుగా వింటున్నదే. అయినా మళ్లీ ఒకసారి విను. పై తోలును కొయ్య అచ్చు మీదికి లాగి, అది జారకుండా చుట్టూ చిన్న చిన్న సీలలు కొడతారు. జిగురు ఆరాక వాటిని పీకేస్తారు. ఒక్కటి మర్చిపోయినా దాని మొన బూటు లోపలికి పొడుచుకొస్తుంది. అందుకే పెట్టెలో పెట్టే ముందు ఎనిమిదో నంబరు జతలన్నీ నా దగ్గరికి వస్తాయి. ఎందుకంటే నాది కొలిచి గీసినట్టు ఎనిమిదో నంబరు పాదం. పల్చని మేజోడు వేసుకుని, బూటు తొడిగి, పదడుగులు నడుస్తాను. ముడత ఉంటే చెప్తాను, కుట్టు లేస్తే చెప్తాను, ఇసుక రేణువంత జిగురు గడ్డ కట్టినా చెప్తాను. ఇరవై రెండేళ్లలో నా కాలు దాటి ఒక్క తప్పు బయటికి పోలేదు. మా యజమాని కొత్తగా వచ్చిన బేరగాళ్లకి తోలు కంటే ముందు నా పాదం గురించి చెప్పేవాడు. నాకూ గర్వంగానే ఉండేది.

ఇప్పటికి తొమ్మిది వారాలైంది. ఒక బుధవారం పొద్దున మన వీధికి ఉత్తరాలు తెచ్చే తపాలా ఆయన కార్ఖానాకి వచ్చాడు. కాళ్లకి స్లిప్పర్లు, చేతిలో మా దగ్గర కొన్న బూట్లలో ఎడమది.

"ఏమండీ, ఇందులో ఏదో పొడుచుకుంటోంది. బొటనవేలి కింద గాయమైంది. రెండు వీధులు కూడా తిరగలేకపోయాను" అన్నాడు.

యజమాని చెయ్యి లోపలికి పెట్టి చూశాడు. ఆయన చేతివేళ్లు లావు, కొసదాకా పోవు. సీలలు కొట్టేవాణ్ని పిలిచాడు. వాడి పేరు మా అందరికీ సుత్తి. సుత్తితో పని చేస్తాడని కొంత, మాట మొదలుపెడితే ఆపడని కొంత.

"నేను అన్నీ పీకానండి, పీకినవి డబ్బాలో వేశానండి, కావాలంటే డబ్బా తెస్తానండి" అని మొదలుపెట్టాడు.

"నీ డబ్బా నాకెందుకురా?" అని యజమాని నా వైపు తిరిగాడు. "నువ్వు తొడిగి చూశావా?"

"చూశాను."

"పదడుగులు నడిచావా?"

"పన్నెండు నడిచాను" అన్నాను. నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్లలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. "ఇలా ఇవ్వండి" అని బూటు లాక్కుని, అందరి ముందూ తొడిగాను. కార్ఖానా పొడుగునా నడిచాను. పది కాదు, ఇరవై అడుగులు. బరువంతా ఎడమ కాలి మీద వేసి, ముందుకు వంగి, వెనక్కి వాలి చూశాను. ఏమీ లేదు. మెత్తగా, హాయిగా ఉంది.

"ఇందులో ఏమీ లేదండి. కొత్త తోలు కదా, నాలుగు రోజులు కరుస్తుంది. మీ కాలు అలవాటు పడాలి" అని తపాలా ఆయనకి నీతులు కూడా చెప్పాను. పాపం, ఆయన నిజమేనేమో అన్నట్టు తల ఊపాడు.

బూటు విప్పి ఆయన చేతికి ఇస్తుంటే, మిషను దగ్గర కుట్టే ఆవిడ లేచి నిలబడింది. "అన్నయ్యా... మీ మేజోడు చూసుకోండి" అంది.

బొటనవేలి కింద మేజోడు ఎర్రగా తడిసి ఉంది. నేల మీద కూడా చుక్కలు పడ్డాయి, నేను నడిచినంత మేరా. సుత్తి పట్టకారు తెచ్చి బూటు లోపలి నుంచి సీల పీకాడు. "తప్పు నాదే అన్నా, ఇదొక్కటి మర్చిపోయాను" అని ఏడుపు మొహం పెట్టాడు. నేను వాడి మాట వినడం లేదు. నా కాలినే చూస్తున్నాను. అది నా కాలే, నా మేజోడే, నా రక్తమే. కానీ ఆ సంగతి నాకు ఇంకొకరు చెప్తే తెలిసింది. అంత భయం నేను నా జన్మలో ఎరగను. నీతో అబద్ధం ఎందుకు, ఆ భయాన్ని కూడా సాయంత్రానికి మర్చిపోయాను.

తపాలా ఆయన గాయం వారంలో మానింది. "నొప్పి పుట్టింది కాబట్టి వెంటనే విప్పేశానండి" అన్నాడు తర్వాత కలిసినప్పుడు. నాకు నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి గాయం కూడా పెద్దది కాదనుకున్నాను. మందుల డబ్బాలో ఉన్నదేదో రాసి, గుడ్డ కట్టి, మర్నాడు పనికి పోయాను. దాని మీదే నిలబడ్డాను, దాని మీదే నడిచాను. యజమాని మాత్రం నన్ను నా కుర్చీలోంచి లేపేశాడు. చాలా మర్యాదగానే లేపాడు. "కొన్నాళ్లు పెట్టెల దగ్గర కూర్చో, అక్కడ పని తేలిక" అన్నాడు. మొన్నటిదాకా నేను బూట్లలో పల్చటి కాగితం ఉండలు చుట్టి కుక్కుతూ వచ్చాను. ఎనిమిదో నంబరు జతలు ఇప్పుడు సుత్తి చెయ్యి పెట్టి చూస్తున్నాడు. ఒక్కో జతకి నా వైపు చూసేవాడు, నేను తల తిప్పేసుకునేవాణ్ని.

కాలు ఇలా మొద్దుబారడం ఒక్కరోజులో వచ్చింది కాదు. పోయినేడాది సంత నుంచి వస్తుంటే నా ఎడమ స్లిప్పరు ఎక్కడో ఊడిపోయింది, నేను వట్టికాలితో వీధి దాకా వచ్చేశాను. నువ్వు గుమ్మంలో నిలబడి "చెప్పు ఏది?" అని అడిగేదాకా నాకు తెలియలేదు. చెప్పులు చేసేవాడికే చెప్పు లేదని ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. గుర్తుందా? ఆ రోజు మనం నవ్వకుండా డాక్టరు దగ్గరికి పోయి ఉండాల్సింది. తప్పు నీది కాదు. అరికాళ్లు మండుతున్నాయనీ, చీమలు పాకినట్టుంటుందనీ నేను నీకు అప్పటికే చెప్పి ఉంటే నువ్వు నవ్వేదానివి కాదు.

సరే, అంకెల సంగతి.

నీకు ప్రతి ఉత్తరంలోనూ అంకె రాసి పంపాను. తొంభై ఎనిమిది. నూట నాలుగు. నూట పది. నువ్వు "మా ఆయన బంగారం" అని జవాబు రాశావు. అత్తయ్య "అల్లుడుగారు దారిలో పడ్డారు" అన్నదని కూడా రాశావు. ఆ వాక్యం చదివి నేను ఉత్తరం మడిచి మందుల డబ్బా కింద పెట్టేశాను. అవి నేను కల్పించిన అంకెలు కావు, షుగర్ మిషను చూపించినవే. కానీ అసలు మోసమంతా అక్కడే ఉంది. పెద్ద బేరగాడు వస్తున్నాడంటే కార్ఖానాలో మేం ఏం చేస్తాం? ఒక మచ్చు జత తయారు చేస్తాం. మంచి తోలు, మంచి దారం, మా అందరిలో పనిమంతుడి చెయ్యి. అది చూపించి సరుకంతా ఇలాగే ఉంటుందంటాం. నేను నా రక్తంతో కూడా అదే చేశాను. ఆదివారం పొద్దున వేలు పొడుచుకోవాలంటే శుక్రవారం నుంచి మనిషినైపోయేవాణ్ని. తిండి తగ్గించి, రెండు పూటలా నడిచి, మాత్రలు వేళకి వేసుకుని. అంకె రాసుకున్నాక సోమవారం నుంచి టీలో రెండు చెంచాల చక్కెర, పది గంటలకి బన్ను, రాత్రి మాత్ర గుర్తుంటే వేసుకోవడం, లేకపోతే లేదు. నీకు నేను మచ్చు జతలు పంపాను. గోడౌను చూపించలేదు.

ఎందుకలా చేశారని అడుగుతావు. తొమ్మిదేళ్ల కిందట, నాకు షుగర్ తేలిన మొదటి ఏడు గుర్తుందా? నువ్వూ నేనూ పొద్దున్నే నడిచేవాళ్లం. నేను ఆరు కిలోలు తగ్గాను. అంకె దిగింది, డాక్టరు ఒక మాత్ర తగ్గించాడు. నేను గెలిచాననుకున్నాను. జ్వరం వచ్చి తగ్గినట్టు ఇదీ తగ్గిపోయిందనుకున్నాను. అత్తయ్య ఇరవై ఆరేళ్లుగా రోజూ అదే పని ఎందుకు చేస్తోందో, ఆవిడకి విసుగెందుకు రాదో నాకు అర్థమయ్యేది కాదు. ఆవిడ ఎప్పుడూ గెలిచానని అనుకోలేదు, అంతే తేడా. పళ్లు తోముకున్నట్టు చేసుకుపోయింది.

గాయం అయిన అయిదో వారంలో కుట్టే ఆవిడే మళ్లీ నా దగ్గరికి వచ్చి, ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని, "అన్నయ్యా, ఏమీ అనుకోవద్దు, మీ కాలి దగ్గర వాసన వస్తోంది" అంది. ఆవిడ ఆ మాట చెప్పడానికి ఎంత మొహమాటపడిందో నాకు తెలుసు. యజమాని పని ఆపించి, సుత్తిని తోడిచ్చి నన్ను ఆసుపత్రికి పంపాడు. దారంతా సుత్తి ఒక్క మాట మాట్లాడలేదు. వాడు మాట్లాడకపోతే నాకు మరీ భయం వేసింది.

డాక్టరమ్మ చిన్నమ్మాయి, మన అమ్మాయి వయసు ఉంటుంది. కట్టు విప్పి, గాయం చూసి, శుభ్రం చేసింది. తర్వాత గట్టి ప్లాస్టిక్ దారంలాంటిది ఒకటి తీసింది. "కళ్లు మూసుకోండి. ఇది మీ అరికాలికి తగిలినప్పుడల్లా 'ఆఁ' అనండి" అంది. నేను కళ్లు మూసుకున్నాను. ఇది నాకు రాని విద్యా? ఇరవై రెండేళ్లుగా అన్నం తిన్నది ఈ విద్య మీదే కదా. ప్రాణమంతా అరికాల్లో పెట్టుకుని ఎదురుచూశాను. చాలాసేపయింది.

"ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అన్నాను.

"పది చోట్ల ముట్టాను బాబాయ్" అంది.

కళ్లు తెరవబుద్ధి కాలేదు. తెరవకుండానే అడిగాను, ఇది మళ్లీ వస్తుందా అని. పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రావడం కష్టమంది. ఇంకా పోకుండా ఆపుకోవాలంది. నేను జేబులోంచి నా అంకెల పుస్తకం తీసి చూపించాను. చూడమ్మా, ఎంత బాగున్నాయో అన్నట్టు. ఆవిడ మూడు నెలల సరాసరి చెప్పే పరీక్ష చేయించింది. పదకొండు పైన వచ్చింది. ఏడు లోపల ఉండాలట. నా పుస్తకాన్నీ ఆ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. నాకు దాచబుద్ధి కాలేదు, నా పని గురించీ మచ్చు జత గురించీ చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "బాబాయ్, నేను మీ దగ్గర సరుకు కొనడానికి రాలేదు కదా, మచ్చు నాకెందుకు చూపించారు?" అంది.

ఇంతకాలం ఆపుకున్నది ఇప్పుడు రాస్తున్నాను. చీము ఎముకదాకా పోయింది. నాలుగు వారాలుగా మందులు వాడుతున్నాను, ఇంజెక్షన్లు వేయించుకుంటున్నాను, రోజు విడిచి రోజు కట్టు మార్పించుకుంటున్నాను. నీతో ఫోనులో బ్రహ్మాండం అన్నవి ఆ నాలుగు ఆదివారాలే. పోయిన శుక్రవారం ఎక్స్‌రే ఫొటో తీసి చూసి, ఇక లాభం లేదంది డాక్టరమ్మ. ఎడమ బొటనవేలు తీసెయ్యాలి. పక్క వేలు కూడా పోవచ్చు, కోసి చూస్తేగాని తెలియదంది. వచ్చే గురువారం కాదు, ఆ పై గురువారం. ఆలస్యమైతే పాదమే పోతుందంది. వేలు తీసినా గాయం మానుతుందని మాట ఇవ్వలేనంది. అది నా చక్కెర మీద ఆధారపడి ఉంటుందట. ఆ మాట వినగానే నాకు అత్తయ్య గాయం గుర్తొచ్చింది.

ఆ రోజు నుంచి నేను అన్నీ చేస్తున్నాను. వేళకి తింటున్నాను, వేళకి మాత్రలు, రెండు పూటలా ఇన్సులిన్ సూది. కాలు కింద పెట్టవద్దన్నారు కాబట్టి కుర్చీలో కూర్చుని చేతులతో వ్యాయామం చేస్తున్నాను. పిచ్చివాడిలా చేస్తున్నాను. చేస్తూనే ఏమనిపిస్తుందంటే, ఇదంతా నేను చేయగలిగిన పనే. ఇంత చిన్న పని. తొమ్మిదేళ్లు నా చేతిలోనే ఉంది. ఇప్పుడు ఇంత చేస్తున్నా, ఆ వేలి విషయంలో నేను చేయగలిగింది ఏమీ లేదు. పొద్దున్నే దాన్ని కదిలించి చూస్తాను. కదులుతుంది. నా మాట వింటుంది. ఇంకా పన్నెండు రోజులు వింటుంది.

మధ్యాహ్నాలు ఇల్లంతా ఖాళీగా ఉంటుంది. నేను స్టూలు మీద కాలు పెట్టుకుని కూర్చుంటాను. మంచినీళ్లకి లేవాలన్నా ఒంటికాలి మీద గోడ పట్టుకుని పోతాను. కుట్టే ఆవిడ పని నుంచి ఇంటికి పోతూ అన్నం పెట్టి వెళ్తోంది. తపాలా ఆయన గుమ్మంలో నిలబడి పలకరిస్తాడు. ఆయన కాలి వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను, కుదరదు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తాను, నాలుగు రోజుల్లో నీకు చేరుతుందన్నాడు.

దీనితో పాటు ఆసుపత్రివాళ్ల కాగితం పెట్టాను. కింద గీత మీద ఇంట్లోవాళ్లు ఎవరైనా సంతకం పెట్టాలి. అమ్మాయి పెట్టినా చాలంది డాక్టరమ్మ. కానీ నీకు తెలియకుండా నా ఒంట్లోంచి ఒక ముక్క తీయించుకోవడం నాకు నచ్చలేదు. ఇన్ని దాచిన మీరు ఇదీ దాచొచ్చు కదా అంటావు. అను. ఎంతైనా అను. అత్తయ్యకి కూడా చదివి వినిపించు, ఆవిడ అద్దం మీసానికి వాడానని కూడా చెప్పు.

నీ సంతకం పెట్టి కాగితం తిప్పి పంపు, మిగతాదంతా నేను చూసుకుంటాను అని రాయడానికే ఇవాళ కూర్చున్నాను. అత్తయ్యని రెండు చేతులూ పట్టి లేపాలి, పడుకోబెట్టాలి, స్నానం చేయించాలి. ఆవిడకి నువ్వు తప్ప దిక్కు లేదు. ఇరవై ఆరేళ్లు తన కాళ్లు తను కాపాడుకున్న మనిషిని వదిలి, తొమ్మిదేళ్లు కాళ్లని గాలికొదిలేసిన వాడి దగ్గరికి నువ్వెందుకు రావాలి? న్యాయం కాదు. "నువ్వు రాకపోయినా నేనేమీ అనుకోను" అని ఇక్కడ రాసి కొట్టేశాను, గీత కనిపిస్తోంది చూడు. అనుకుంటాను. అనుకోకుండా ఉండలేను.

భయంగా ఉందోయ్. నొప్పి పుడుతుందని కాదు, పుట్టదని. వాళ్లు వేలు తీసేస్తున్నా నాకు తెలియదేమోనని భయం. ఆ పూట నా చెయ్యి ఎవరైనా పట్టుకోవాలి. చేతులకి ఇంకా తెలుస్తోంది, నువ్వు పట్టుకుంటే తెలుస్తుంది. సంతకం పోస్టులో పంపకు. నువ్వే తీసుకురా.

ఇట్లు,
నువ్వు గుమ్మంలోకి వచ్చేదాకా కాలు కింద పెట్టనని మాట ఇస్తున్న
మీ ఆయన